తలపుతో నడచు యంత్రములు

మనస్సులోని కోరిక బయటికి వచ్చుటకు మానవునకు రెండు వాకిళ్లు కలవు: నోరొకటి, చేయి యొకటి. ఆకలి గొన్న బిడ్డ నోటితో చెప్పును. మాటలు రాని బిడ్డ కంచమువైపు చేయి చాచును. ఈ రెండు వాకిళ్లును మూతపడి, లోపలి మనిషి మాత్రము మేలుకొనియే యుండిన నేమగును? అట్టివారి కొఱకు ఇప్పటి శాస్త్రజ్ఞులు మూడవ వాకిలి నొకదానిని తెఱచుచున్నారు. మెదడులో పుట్టు విద్యుత్తరంగములను పట్టి, వానిచేత కంప్యూటరును, చక్రముల కుర్చీని, కృత్రిమ హస్తమును నడిపించు విద్య యది. ఇది మన గృహిణులు తెలిసికొనదగిన సంగతి. ఏలయన, మంచము పట్టినవారికి సేవ చేయు భారము మన యిండ్లలో నెక్కువగా స్త్రీలమీదనే పడుచున్నది.

నంద్యాలనుండి దక్షిణముగా సుమారు 40 కిలోమీటర్లు పోయిన ఆళ్లగడ్డ వచ్చును. ఆ యూరి శిల్పుల పేరు వినని తెలుగువారు తక్కువ. అక్కడి శిల్పి పని చేయునప్పుడు ఒక్క క్షణము నిలిచి చూడుడు. ఎదుట ఱాయి, మనస్సులో మూర్తి, చేతిలో ఉలి. ఉలిని ఎంత వాల్చవలెనో, సుత్తెతో నెంత మెల్లగా తట్టవలెనో నిర్ణయించునది మెదడు. ఒక చెవినుండి రెండవ చెవివఱకు నడినెత్తిమీదుగా పట్టీ కట్టినట్లు మెదడుపై నొక భాగము కలదు. అవయవములకు కదలుమని యాజ్ఞ యిచ్చు తావు అదియే. కుడిచేతికి ఆజ్ఞ ఎడమవైపు మెదడునుండియు, ఎడమచేతికి కుడివైపునుండియు బయలుదేరును. ఆ యాజ్ఞ వెన్నుపాము గుండ దిగి, నరముల వెంట పరుగెత్తి, కండరములకు చేరిన పిమ్మట గాని ఉలి కదలదు.

ఆ దారి నడుమ తెగినదనుకొందము. చెట్టెక్కి జాఱిపడి మెడ విఱిగినవానికి, మెదడులో రక్తనాళము పూడి పక్షవాతము వచ్చినవానికి, ఏ.ఎల్.ఎస్. అను వ్యాధిచేత కదలిక నరములు క్రమముగా నశించినవానికి జరుగునది ఇదియే. విద్య చెడలేదు, తలపు చెడలేదు, చేయి కూడ నున్నది. ఆజ్ఞ పోవు దారి మాత్రము లేదు.

వీరిలో నెల్ల కడు దయనీయమైన స్థితి యొకటి కలదు. మెదడు అడుగుభాగమున, వెన్నుపాముతో కలియు కాండమున దెబ్బ తగిలిన, ఒక్కొకప్పుడు కాళ్లు, చేతులు, నాలుక, ముఖము అన్నియు చచ్చుబడును. వినికిడి పోదు, తెలివి పోదు. కన్నులు పైకి క్రిందికి ఆడించుటయు, ఱెప్ప వాల్చుటయు మాత్రము మిగులును. ఫ్రాన్సు దేశమున ‘ఎల్’ అను స్త్రీల పత్రికకు సంపాదకుడైన జాన్ దొమినిక్ బోబీ 1995 డిసెంబరులో ఇట్టి స్థితిలో పడెను. ఆతనికి ఎడమకంటి ఱెప్ప యొక్కటియే మిగిలెను. క్లోద్ మాందిబిల్ అను స్త్రీ ప్రక్కన కూర్చుండి అక్షరమాలను వరుసగా చదువుచుండగా, కావలసిన అక్షరము వచ్చినప్పుడు ఆతడు ఱెప్ప వాల్చును. ఇట్లు ఒక్కొక్క అక్షరముగా నొక గ్రంథమునే చెప్పి వ్రాయించెను. ఆ గ్రంథము 1997 మార్చిలో వెలువడెను. ఆ పనికి యంత్రము లేదు, తరంగము లేదు. ఒక స్త్రీ యొక్క ఓపిక మాత్రమే సాధనము. ఈ సంగతిని పాఠకురాండ్రు మనస్సున నుంచుకొన వేడుచున్నాము.

ఱెప్పయు వాలనివారి మాట యేమి? అక్కడనే మెదడు తరంగముల యవసరము వచ్చినది. వీని కథ ఒక యక్కాతమ్ముల ప్రేమ కథవంటిదే. జర్మనీ దేశమున హాన్స్ బెర్గరు అను యువకుడు సైన్యమున నుండగా గుఱ్ఱముమీదనుండి పడి, వెంట్రుకవాసిలో చావు తప్పించుకొనెను. అదే సమయమున దూరమున నున్న ఆతని సోదరికి, తమ్ముడు ఏదో యాపదలో నున్నాడని తోచి మనస్సు నిలువక, తండ్రిచేత తంతి యిప్పించెనట. ఇది యెట్లు సంభవించెనను ప్రశ్న ఆతనిని జీవితాంతము వెంటాడెను. వైద్యుడై, 1924లో యేనా నగరమున, మానవుని తలమీదనుండి మెదడు విద్యుత్తును తొలిసారిగా కాగితముమీద గీయించెను. 1929లో దానిని లోకమునకు ప్రకటించెను. సోదరి మనస్సు తమ్ముని నెట్లు తెలిసికొనెనో ఆతనికి దొరకలేదు గాని, కన్నులు మూసికొని విశ్రమించినవారి మెదడులో సెకనుకు సుమారు 8 మొదలు 13 వఱకు అలలు లేచుననియు, కన్ను తెఱచినంతనే అవి యణగుననియు తెలిసినది.

ఈ అలలు మిక్కిలి స్వల్పమైనవి. టార్చి దీపములో వేయు చిన్న బ్యాటరీకి ఒకటిన్నర వోల్టు బలముండును. ఆ బలమును 30,000 భాగములు చేసిన నొక భాగమెంతయో, తలపై దొరకు తరంగము ఇంచుమించుగా నంత. అదియు పుఱ్ఱెను, చర్మమును దాటి రావలెను. మహానందిలో శివరాత్రినాడు గుడి ప్రాకారము వెలుపల నిలిచి వినుట యెట్టిదో ఇదియు నట్టిదే. లోపల జనము నిండినదనియు, మేళము మొదలైనదనియు తెలియును. ఏ స్తంభమువద్ద ఏ యమ్మ తన కూతురి చెవిలో నేమి చెప్పుచున్నదో తెలియదు. కావున, టోపీవంటి సాధనము తలపై పెట్టినంతమాత్రమున మనస్సులోని రహస్యములన్నియు బయటపడుననుట ఒట్టిమాట.

ఈ తరంగముల పటమునే వైద్యులు ఈ.ఈ.జీ. యందురు. మూర్ఛవ్యాధిగల పిల్లలకు దీనిని తీయించుమని వైద్యులు చెప్పినప్పుడు, తలకు కరెంటు పెట్టుదురని భయపడి వెనుకాడు తల్లులు కలరు. ఆ భయ మక్కఱలేదు. ఆ యంత్రము తలలోనికి విద్యుత్తును పంపదు. తలనుండి వచ్చుదానిని వ్రాసికొనును, అంతే. సూది గ్రుచ్చరు, నొప్పి యుండదు. చేయవలసినదెల్ల ముందుగా తలంటి, నూనె రాయక, జుట్టు ఆరనిచ్చి తీసికొనిపోవుట. నూనె యున్నచో బిళ్లలు తలకు సరిగా అంటవు.

అంత సన్నని గుసగుసనుండి ఆజ్ఞ నెట్లు పట్టుదురు? ముఖ్యముగా రెండుపాయము లున్నవి. మొదటిది కదలికను ఊహించుట. చేయి కదపునప్పుడు ఆ చేతికి సంబంధించిన మెదడు తావున కొన్ని అలలు అణగును. చేయి కదపక, కదపినట్లు గట్టిగా తలచినను అవి యణగును. ఆళ్లగడ్డ శిల్పి యొకడు కన్నులు మూసికొని ఉలి పట్టినట్లు తలచిన చాలును, ఆతని ఎడమ మెదడుమీది అలలు తగ్గును. యంత్రము దానిని చూచి కంప్యూటరు తెఱమీది గుఱుతును కుడికి జరుపును. ఎడమచేయి తలచిన ఎడమకు జరుపును. ఇట్లు రెండు మూడాజ్ఞలు సాధ్యమగును. అయితే వీణ నేర్చినట్లు దీనికి సాధన కావలయును. 1999లో జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున నీల్స్ బిర్‌బౌమరు బృందము, వేఱొక రకపు నెమ్మది తరంగములను ఇచ్ఛతో పెంచుట, తగ్గించుట నేర్పి, ఏ.ఎల్.ఎస్. వ్యాధిచేత కదలలేని రోగులచేత ఉత్తరములు వ్రాయించినది. దాని వెనుక నెలల తరబడి శ్రమ కలదు.

రెండవది, మెదడు ఉలికిపాటును పట్టుట. నంద్యాల రైలు స్టేషనులో నూఱు పేర్లు చెవిన పడుచున్నను మనము పట్టించుకొనము. మన బిడ్డ పేరు వినబడినంతనే మనస్సు తటాలున అటు తిరుగును. అట్లు తిరిగినప్పుడు, సుమారు సెకనులో మూడవవంతు కాలమునకు, మెదడున నొక యల లేచును. 1988లో అమెరికాలోని ఇలినాయి విశ్వవిద్యాలయపు ఫార్వెల్, డాంచిన్ అనువారు దీనిని వాడుకొని యొక అక్షరఫలకము చేసిరి. అడ్డముగా ఆఱు, నిలువుగా ఆఱు, మొత్తము 36 గళ్లు. వరుసలొకటొకటిగా మెఱయుచుండును. రోగి కోరిన అక్షరమున్న వరుస మెఱసినప్పుడు మెదడులో ఆ యల లేచును. అడ్డవరుసయు నిలువువరుసయు కలిసిన గడిలోని అక్షరమును యంత్రము వ్రాయును. నిమిషమునకు రెండు మూడక్షరములు మాత్రమే వచ్చును. వేగముగా మాటలాడు మనకు నవ్వు రావచ్చును; ఒక్క మాటయు లేనివారికి అదియే మహాభాగ్యము.

ఈ రంగమున పేరుగన్నవారిలో, హైదరాబాదు కంచన్‌బాగులోని కేంద్రీయ విద్యాలయమున చదివి అమెరికా చేరిన రాజేశ్ రావు గారొకరు. సియాటిల్ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున వీరు ఆచార్యులు. 2006లో వీరును వీరి విద్యార్థులును, తలకు తరంగముల టోపీ పెట్టుకొన్న మనిషి తలపునుబట్టి వస్తువు నెత్తి చోటు మార్చు మరమనిషిని చూపిరి. 2013 ఆగస్టు 12న మఱింత వింత చేసిరి. రావు గారు టోపీ ధరించి కంప్యూటరు ఆట చూచుచు, ఫిరంగి పేల్చవలసిన క్షణమున చేయి కదపక, కదపినట్లు తలచిరి. ఆ యాజ్ఞ ఇంటర్నెట్టుమీదుగా విశ్వవిద్యాలయములోని మఱియొక చోటికి పోయినది. అక్కడ ఆట కనబడకుండ కూర్చున్న ఆండ్రియా స్టాకో తలపై అయస్కాంతపు చుట్ట యొకటి కలదు. అది చిన్న తాకిడి నిచ్చినంతనే ఆయన కుడిచేతి వ్రేలు తనంతట కదలి మీట నొక్కినది. స్టాకో భార్యయైన శాంటెల్ ప్రాట్ కూడ ఈ పరిశోధనలో పాలుపంచుకొన్నది. బెర్గరును వెంటాడిన కలయొక్క చిన్న తునుక యిట్లు నిజమైనది. కాని ఇది మనస్సులోని మాటను పంపుట కాదని గుర్తింపవలెను. పోయినది ఒక్క ‘ఔను’ మాత్రమే.

టోపీకంటె స్పష్టముగా వినవలెనన్న గుడి ప్రాకారము దాటి లోపలికి పోవలెను. అనగా శస్త్రచికిత్స చేసి మెదడుమీదనో, మెదడులోనో సన్నని తీగెలమరికను అమర్చవలెను. 2012లో ప్రకటింపబడిన అమెరికా దేశపు పరిశోధనలో, పక్షవాతముచేత మాటయు చేతులును పోయిన స్త్రీ యొకతె, తలపుతో యంత్రహస్తమును నడిపి కాఫీసీసాను నోటివద్దకు తెచ్చుకొని, సుమారు 15 సంవత్సరముల తరువాత తొలిసారిగా తన యిచ్ఛతో త్రాగినది. 2023 ఆగస్టులో కాలిఫోర్నియాలోని శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యవిశ్వవిద్యాలయమునుండి వచ్చిన వార్త మఱింత మనస్సు కరగించునది. ఆన్ అను స్త్రీకి 30వ యేట పక్షవాతము వచ్చి పలుకు పోయినది. ఎడ్వర్డు చాంగు బృందము ఆమె మెదడుపై 253 బిళ్లలుగల పలుచని పొర నుంచి, ఆమె పలుకదలచిన మాటలను నిమిషమునకు సుమారు 78 చొప్పున కంప్యూటరుచేత పలికించిరి. ఆ కంఠము యంత్రపు కంఠము కాదు. ఆమె పెండ్లినాడు తీసిన వీడియోలోని గొంతునుబట్టి తయారుచేసినది. భర్త మరల భార్యగొంతును విన్నాడు. ఈ తీగెలమరికలు చాలవఱకు ఇంకను పరిశోధనాలయములందే యున్నవి. శస్త్రచికిత్సకుగల అపాయములు వీనికిని కలవు.

ఇక మన భాషను గూర్చి యొక మాట. ఇంగ్లీషునకు 26 అక్షరములు గనుక 36 గళ్లు చాలును. తెలుగునకు అచ్చులు, హల్లులు, గుణింతములు, వత్తులు కలవు. అన్నిటికి వేఱువేఱు గళ్లు పెట్టిన రోగి కన్ను అలసిపోవును. అయినను మనము దిగులుపడ నక్కఱలేదు. మన పెద్దలు బడిలో నేర్పిన వర్గములను చూడుడు: క వర్గము, చ వర్గము, ట వర్గము, త వర్గము, ప వర్గము, అయిదు వరుసలు, వరుసకు అయిదక్షరములు. ఇంతకంటె చక్కని ఫలకము వేఱొకటి కావలయునా? యంత్రమునకు పనికివచ్చు ఈ వరుసయే యంత్రము లేని యింటికిని పనికివచ్చును.

అది యెట్లనగా: ఒక అట్టమీద అచ్చులొక వరుస, అయిదు వర్గములు, య మొదలు ఱ వఱకు ఒక వరుస పెద్ద అక్షరములతో వ్రాయుడు. అడుగున దీర్ఘము, కొమ్ము, ఏత్వము మొదలగు గుఱుతులుంచుడు. ప్రక్కగా ‘నీళ్లు’, ‘నొప్పి’, ‘దురద’, ‘ప్రక్క మార్చుము’, ‘చలి’, ‘ఉక్క’, ‘ఫలానావారిని పిలువుము’ అను మాటలు వ్రాయుడు. ‘ఔను’కు కన్ను పైకెత్తుమని, ‘కాదు’కు ఱెప్ప రెండుమాఱులు వాల్చుమని చెప్పుడు. వర్గముల పేర్లు నెమ్మదిగా చదువుడు. కన్ను పైకి లేచినచో నిలిచి, ఆ వరుసలోని అక్షరములను చదువుడు. ‘నీ’ వచ్చినంతనే ‘నీళ్లా?’ యని యడుగవచ్చును. కాని వారు ఔనన్న దాక గ్లాసు నోటివద్దకు తేవలదు. మ్రింగుట కష్టమైనవారికి ఏది యెట్లు పట్టవలెనో వైద్యుని నడిగి తెలిసికొనవలెను. వారి మాటను మనమే పూర్తిచేసి తొందరపడుట, వారి నోరు రెండవమాఱు మూయుటయే యగును.

రోగికి తెలివి యున్నదో లేదో యెట్లు తెలియును? ముందు ఒక తప్పు పేరు చెప్పి ‘ఇది నీ పేరా?’ యని యడుగుడు. పిమ్మట నిజమైన పేరు చెప్పుడు. ఉదయమొకమాఱు, సాయంత్రమొకమాఱు ఇట్లు చేసి, వచ్చిన బదులును కాగితముమీద వ్రాసి వైద్యునకు చూపుడు. బదులు రాకున్నను తెలివి లేదని తీర్మానింపరాదు. 2024లో ప్రకటితమైన యొక పరిశోధనయందు, మెదడు దెబ్బతిని, చెప్పినది చేయలేక పడియున్న 241 మందికి, ‘చేయి కదపినట్లు తలపుము’ అనునట్టి ఆజ్ఞలిచ్చి మెదడును పరీక్షించిరి. వారిలో 60 మంది మెదళ్లు ఆ యాజ్ఞలను పాటించినవి. అనగా నలుగురిలో నొకరు విని, గ్రహించి, చేయ యత్నించుచున్నారన్నమాట. మంచముప్రక్కన నిలిచి ‘ఇంకెన్నాళ్లో ఈ బరువు’ అని పలుకు బంధువులు ఈ లెక్కను తెలిసికొనవలెను.

ఇందు మాటకంటె పెద్దదైన విషయ మొకటి కలదు. మంచమునబడిన తల్లిచేతి బొటనవ్రేలిని పట్టి సిరాలో అద్ది, పొలము కాగితముమీద నొత్తించుట ఎంతసేపు? ఆమె అంగీకారము నడుగు మార్గము లేదని యిదివఱకు చెప్పుకొనుచుండిరి. మార్గమున్నదని తెలిసిన పిమ్మట అడుగకుండుట అన్యాయము. కన్నుతో గాని, తరంగముతో గాని ‘ఔను’, ‘కాదు’ చెప్పగలవారికి ఆస్తి యున్నది, ఇష్టమున్నది, కాదను హక్కు నున్నది.

దీని కెదురుగా మఱియొక భయము కలదు: మనస్సును బలవంతముగా చదివిన? మన సుప్రీంకోర్టు 2010 మే 5న సెల్వి యను నామె కేసులో, మనిషి యిష్టము లేక మెదడు తరంగపరీక్షను గాని, మత్తుమందు పరీక్షను గాని, అబద్ధమును పట్టు యంత్రపరీక్షను గాని చేయరాదని తీర్పు చెప్పినది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశము 2021లో మెదడునుండి వచ్చు సమాచారమునకు రక్షణ కలుగునట్లు తన రాజ్యాంగమునే సవరించుకొన్నది. తల మనది, తరంగమును మనదే. ఇచ్చిన నిచ్చెదము, లేకున్న లేదు.

అంగడిలో తలకట్టువంటి పరికరములను చూపి, పిల్లల చదువు పెరుగుననియు, పక్షవాతము కుదురుననియు చెప్పువారిని నమ్మి నగలు కుదువబెట్టవలదు. ఒకటి రెండు బిళ్లలు మాత్రమే గల సాధనమునకు ఱెప్పపాటు, పండ్లు కొఱుకుట కూడ తరంగములవలెనే కనబడును. మంచి సాధనమునకైనను ప్రతిదినము బిళ్లలు సవరించి, జిగురు పూసి, పిమ్మట తల కడుగు మనిషి కావలయును. ఆ మనిషి యెవరో మనకు తెలియును. కనుక యింటివారందఱు ఆ పనిని పంచుకొందురో లేదో ముందే మాటాడుకొనుట మంచిది. కన్నుగాని, ఒక వ్రేలుగాని కదలువారికి తరంగములకంటె కంటిచూపు సాధనమో, ఒక్క మీటయో సులభము, చవుక.

మన ప్రాంతమువారు చేయదగినవి యివి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా యేర్పడినది; 2023 సెప్టెంబరున అచ్చట ప్రభుత్వ వైద్యకళాశాలయు ఆరంభమైనది. ‘సదరం’ ధ్రువపత్రమును, కేంద్రప్రభుత్వపు వికలాంగుల గుఱుతింపు కార్డును సంపాదించుకొన్నవారు 1981 నుండి నడచుచున్న ఆడిప్ పథకము క్రింద సహాయక సాధనముల కొఱకు అడుగవచ్చును. వీనియన్నిటికంటె ముందు, వ్యాధిని ముదరనీయకుండుట. మూతి ఒకప్రక్కకు వంగినను, ఒక చేయి పట్టుదప్పినను, మాట ముద్దయైనను, తైలములు మర్దించుచు తెల్లవారువఱకు వేచియుండక వెంటనే 108కి ఫోను చేయవలెను. గడ్డకట్టిన రక్తమును కరగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఇచ్చినగాని పనికిరాదు. అన్ని యాసుపత్రులలో తల స్కానింగు ఉండదు గనుక, ఏది దగ్గఱో ముందే కనుగొని యుంచుకొనుడు. ఆళ్లగడ్డ చుట్టుపట్ల పల్లెలవారికి త్రోవలోనే ఒక గంట పోవును; మిగిలిన గడియలు విలువైనవి.

శాస్త్రజ్ఞులు సియాటిల్‌లోను, శాన్‌ఫ్రాన్సిస్కోలోను వేలకొలది డాలరులు వ్యయపఱచి వినుచున్నది రోగియొక్క ఒక్క ‘ఔను’ను, ఒక్క ‘కాదు’ను. ఆ యంత్రము మన యూరికి వచ్చులోపల, ఒక అట్టముక్కయు, అరగంట తీరికయు మన యింటనే కలవు. మంచముప్రక్కన కూర్చుండి, ముందుగా వారిచేత ఏమి కావలయునో చెప్పనిచ్చి, తరువాతనే చెంచా పట్టుకొనుడు.